నెత్తి మీది దిమ్మె

"గా దిమ్మె ఎవలు పెట్టిన్రు?"

బాపు నడక ఆపి పైకి చూస్తున్నాడు. రెండు రాతిగోడల నడుమ, నిలబడ్డ మనిషికి ఇరవై అడుగుల పైన, ఒక చెట్టుమొద్దు అడ్డంగా ఇరుక్కుని ఉంది. బెరడు మొత్తం ఊడిపోయి, ఎండకు వెలిసి తెల్లబడింది. ఒక కొస ఎడమ గోడ పగులులో, ఇంకో కొస కుడి గోడ ఒంపులో. కొలిచి కోసి, సుత్తెతో కొట్టి బిగించినంత కుదురుగా కూచుంది.

కొడుకు ఫోన్ పట్టుకుని కూతురి ఫొటో తీస్తున్నాడు. తల తిప్పకుండానే చెప్పాడు. "ఎవరూ పెట్టలేదు బాపూ. వరదకు కొట్టుకొచ్చింది."

"వరద గంత ఎత్తుకొస్తదా?"

"అప్పుడప్పుడు వస్తదట."

"అప్పుడప్పుడంటే?"

కొడుకు ఫోన్ దించాడు. జవాబు లేదు.

అడిగిన మనిషి ఉద్యోగమంతా బొగ్గుబాయిలోనే చేశాడు. బదిలీ వర్కర్‌గా చేరి, బెల్లంపల్లి శాంతిఖనిలో టింబర్‌మెన్‌గా, కప్పు కూలకుండా పెట్టే దిమ్మెలు మోసి, తర్వాత సర్టిఫికెట్ పాసై మైనింగ్ సర్దార్‌గా దిగిపోయాడు. నెత్తి మీద అడ్డంగా ఒక కర్ర కనబడితే అది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎంత బరువు ఆపుతోంది అని అడగడానికే కంపెనీ ఆయనకు ఇన్నేళ్లు జీతమిచ్చింది. ఇప్పుడు నిలబడ్డది మాత్రం బాయి కాదు. అమెరికాలో యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దు. వైర్ పాస్ అనే ఇరుకు లోయ. పైన ఆకాశం మూరెడు వెడల్పున నీలంగా మెరుస్తోంది. కింద ఇసుక. ఎక్కడా చుక్క నీరు లేదు.

కోవిడ్ సద్దుమణిగిన తర్వాత, ఒక సెప్టెంబర్ మొదట్లో, అక్కడి లేబర్ డే సెలవుల్లో జరిగిన సంగతి ఇది. పేర్లు రాయొద్దని వాళ్లు ముందే మాట తీసుకున్నారు. పెద్దాయనతో, ఆయన భార్యతో బెల్లంపల్లి బస్తీలో వాళ్ల ఇంట్లో కూచుని మాట్లాడాను. కొడుకు, కోడలు ఫోన్‌లో చెప్పారు. నలుగురి మాటలూ అన్ని చోట్లా కలవవు. ముఖ్యంగా ఎన్ని గంటలకు వెనక్కి తిరిగారన్న దగ్గర మొగుడూపెళ్లాలే ఒక మాట మీద లేరు. అట్లాంటి చోట నేను కోడలి మాట తీసుకున్నాను. ఆమె చేతికి గడియారం ఉంది, పైగా ఆమెకు ఎవరి మీదా కోపం లేదు.

ముసలివాళ్లిద్దరూ మే నెలలో వెళ్లారు. కొడుకు ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాడు. అక్కడి ఎండ బెల్లంపల్లి వాళ్లకు కొత్తేం కాదు. ఓపెన్‌కాస్ట్ దుమ్ములో, నలభై ఆరు డిగ్రీల్లో బతికిన ప్రాణాలు. కానీ అక్కడ ఎండాకాలం మనుషులు గడప దాటరు. ఇంట్లోంచి కారు, కారులోంచి షాపు. జులై గడిచేసరికి ఆమెకు విసుగు పుట్టింది. "పలకరించే మనిషి లేడు, ఏం జేస్తరు గీ దేశంల" అని రోజూ సతాయించడం మొదలుపెట్టింది. అందుకే కొడుకు మూడు రోజుల ప్లాన్ వేశాడు. శుక్రవారం రాత్రి పేజ్ అనే ఊళ్లో బస. శనివారం లోయలో నడక, రాత్రికి గుడారంలో పడక. ఆదివారం హార్స్‌షూ బెండ్. సోమవారం తిరుగు దారిలో గ్రాండ్ కాన్యన్. ఆమెకు కావలసింది చివరిదొక్కటే. ఎదురింటి టీచరమ్మ అక్కడ ఫొటో దిగి వచ్చింది మరి.

గుడారం, పరుపులు, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, నీళ్ల డబ్బాలు, పులిహోర, బెల్లంపల్లి నుంచి మోసుకెళ్లిన సకినాలు. కారు డిక్కీ నిండింది. "ఇల్లుండంగ పైసలిచ్చి కింద పండుడేందిరా?" అని తల్లి అడిగితే, గాంధారి ఖిల్లా జాతరకు పోయినప్పుడు మనం పండలేదా అన్నాడు కొడుకు. మందమర్రి దగ్గర బొక్కలగుట్ట అడవిలో ఉన్న ఆ పాత కోట, వాళ్లింట్లో అందరూ కలిసి ఎక్కిన ఒకే ఒక్క గుట్ట. అక్కడ బండరాళ్ల మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నది కొడుకు చిన్నతనంలో.

పేజ్ చేరేసరికి చీకటి పడింది. తెల్లవారి కాఫీ తాగుతూ పెద్దాయన మోటల్ గుమాస్తాను, కొడుకు చేత అడిగించి, ఊరి సంగతులన్నీ రాబట్టాడు. ఆ ఊరు 1957లో గ్లెన్ కాన్యన్ డ్యాం కట్టే కూలీల కోసం పుట్టింది. పక్కనే నవాహో జనరేటింగ్ స్టేషన్ ఉండేది. 2,250 మెగావాట్ల బొగ్గు కరెంటు. కయెంటా గని నుంచి బొగ్గు దాని సొంత రైలు మీద వచ్చేది. 2019లో గని, ప్లాంటు రెండూ మూతపడ్డాయి. మరుసటి ఏడు డిసెంబర్‌లో మూడు పొగగొట్టాలనూ పేల్చి పడగొట్టారు. పెద్దాయన ఇదంతా విని, అందులో పనిచేసినవాళ్లకు వీఆర్ఎస్ ఇచ్చారా, వేరే చోటికి బదిలీ చేశారా అని అడిగాడు. గుమాస్తాకు ప్రశ్న అర్థం కాలేదు. బెల్లంపల్లి చుట్టూ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతుంటే బజార్లు ఎట్లా చిన్నబోయాయో చూసినవాడు అడిగే ప్రశ్న అది. కయెంటా గనిలో ఎక్కువమంది నవాహో తెగవాళ్లే పనిచేశారని మాత్రం గుమాస్తా చెప్పగలిగాడు.

పేజ్ నుంచి పడమటికి 89వ నంబరు రోడ్డు. ముప్పావు గంట పోయాక ఎడమకు హౌస్ రాక్ వ్యాలీ అనే మట్టిరోడ్డు. అక్కడి నుంచి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. ఎనిమిది మైళ్లు పోతే వైర్ పాస్ బాట మొదలు. ఇంకో మైలు పోతే గుడారాలు వేసుకునే జాగా. ముందు అక్కడికి పోయి గుడారం వేశారు, పెద్దాయన మేకులు కొడితే మనవరాలు తాళ్లు పట్టింది. మళ్లీ వెనక్కొచ్చి, మనిషికి ఆరు డాలర్ల చొప్పున కవరులో పెట్టి డబ్బాలో వేసి, పదింటికి నడక మొదలుపెట్టారు. బోర్డు మీద వరద హెచ్చరిక ఉంది. కొడుకు చదివాడు. పేజ్‌లో బయల్దేరే ముందు వాతావరణం చూసుకున్నాడు కూడా. ఉరుములతో వాన పడే అవకాశం ఇరవై శాతం.

మొదటి అరగంట ఎండిన వాగులో నడక. ఇసుక, గులకరాళ్లు, అక్కడక్కడ ముళ్లపొదలు. తర్వాత రెండు పక్కలా గట్లు లేచి గోడలవుతాయి, గోడలు దగ్గరికి జరుగుతాయి. ఒకచోట ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ముందుకు పోతే ఎనిమిదడుగుల లోతుకు దిగాలి, బండరాళ్లు పట్టుకుని. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె, కోడలు లోయ మొదట్లోనే నీడ చూసుకుని ఆగిపోయారు. తాత, కొడుకు, తొమ్మిదేళ్ల మనవరాలు లోపలికి పోయారు.

పెద్దాయనకు లోపల ఎంతో హాయిగా అనిపించిందట. బయటి ఎండ లేదు. చల్లటి గాలి. కాళ్ల కింద నేల కొద్దిగా డిప్పు. "మా జంక్షన్ల కాడ కూసున్నట్టే అనిపించింది" అన్నాడు నాతో. దారిలో రెండుసార్లు చేతికర్రతో గోడను కొట్టి చప్పుడు విన్నాడు. బాయిలో కప్పు గట్టిగా ఉందో డొల్లగా ఉందో తెలుసుకునే తీరు అది. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన పొర డబడబమంటుంది. ఇక్కడ ఖంగుమనలేదు, డబడబలాడనూ లేదు. ఇసుకరాయి కదా, మెత్తగా పలికింది. మనవరాలు తనకూ ఒక కర్ర కావాలంది.

అప్పుడు కనబడింది దిమ్మె.

జవాబు రాకపోయేసరికి ఆయన నేల చూశాడు. ఇసుకలో బూటు మడమతో గీశాడు. రెండంగుళాల కింద తడి. గోడ దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూశాడు. ఛాతీ ఎత్తున ఒక బురదగీత, గోడ పొడుగునా, మట్టం పెట్టి గీసినట్టు. గీత పైన రాయి ఎర్రగా ఉంది, కింద బూడిదరంగు పూత. బొటనవేలితో నొక్కితే పూత పొడిగా రాలలేదు, వేలికి అంటుకుంది.

"ఇది మొన్నటిది" అన్నాడు.

"వానాకాలం కద బాపూ, వచ్చి ఉంటది. ఇయ్యాల ఏం లేదు. పేజ్‌ల ట్వెంటీ పర్సెంటే."

"పేజ్ సంగతి ఎందుకు? ఈ నీళ్లు ఏడికెల్లి వస్తయో ఆడ మొగులున్నదా లేదా చెప్పు."

కొడుకు తలెత్తి చూశాడు. మూరెడు నీలం.

"ఇంకో తొవ్వ ఏడున్నది?"

"ఏ తొవ్వ?"

"బయటపడే తొవ్వ. వచ్చిన తొవ్వ మూసుకపోతే ఎటెల్లి పోవాలె?"

నిజానికి లేదు. వైర్ పాస్ వెళ్లి బక్‌స్కిన్ గల్చ్ అనే ఇంకో లోయలో కలుస్తుంది. అది ప్రపంచంలోని పొడవైన ఇరుకు లోయల్లో ఒకటి. సుమారు పదిహేను మైళ్లు ఇట్లాంటి గోడల మధ్యే పోవాలి. నడుమ ఎక్కి బయటపడగలిగిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. కొడుకు అంతదూరం పోవాలనుకోలేదు. రెండు లోయలు కలిసేచోట రాతి మీద పాతకాలపు మనుషులు చెక్కిన గొర్రెల బొమ్మలు ఉన్నాయి. వాటిని చూసి వెనక్కి రావాలన్నదే ప్లాన్. ఇంకో ఇరవై నిమిషాల నడక.

గని చట్టం ప్రకారం ఏ బాయికైనా బయటికి రెండు దారులు ఉండి తీరాలి. తవ్వి వదిలేసి నీళ్లు నిలిచిన పాత పనులకు అరవై మీటర్ల దగ్గరికి పోవాలంటే పై అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. ముందు బోర్‌హోల్ వేసి, నీళ్లున్నాయో లేవో చూసుకుని అడుగు వెయ్యాలి. పరీక్షకు బట్టీ పట్టిన ఈ రూళ్లు ఆయనకు నోటికి వచ్చు. అయితే అవి ఎందుకు పుట్టాయో పుస్తకంలో ఉండదు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది పోయారు. మన దగ్గర 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తితే 17 మంది తిరిగి రాలేదు. ఆ రోజు కోల్‌బెల్టులో ఏ కాలనీలోనూ పొయ్యి సరిగా వెలగలేదని ఆయన భార్య చెప్పింది. ఆయన రెండో రోజే శాంతిఖనిలో డ్యూటీకి దిగాడు. దిగేముందు మస్టర్ దగ్గర ఎవరూ ఏం మాట్లాడుకోలేదట. లోపల తన డిస్ట్రిక్టులో, అంటే తన వంతు పని జాగాలో, ప్రతి మూలా తడిమి చూసి, రిపోర్టు బుక్కులో సంతకం పెట్టడానికి మామూలు కంటే రెండింతల టైం తీసుకున్నాడు.

నీళ్లు నిలబడిన చోట ఉండవు. పని చేసేవాడికి గోడ అవతల ఏముందో కనబడదు. కనబడనిదాని గురించి తెలిసేదాకా పొడి నేలను నమ్మొద్దు. సర్దార్ ఉద్యోగమంటే ముప్పావు వంతు ఇదే.

"పోదాం పా" అన్నాడు.

"ఇరవై నిమిషాలు బాపూ. చూసి వచ్చేద్దాం."

"నేను రాను. బిడ్డను రానియ్య."

"ఇది మీ బాయి కాదు బాపూ!"

కొడుకు అంత గట్టిగా తండ్రితో ఎన్నడూ మాట్లాడలేదు. మాట గోడలకు తగిలి రెండుసార్లు వినబడింది. మనవరాలు ఏడుపు అందుకుంది, గొర్రెల బొమ్మలు చూడాలని. తాత ఒక బండ మీద కూచున్నాడు. బతిమాలలేదు, అరవలేదు. "నేను సర్దార్‌ను. మంచిగున్నదని నేను సంతకం పెట్టలె. సంతకం లేంది ఎవ్వలు ముందటికి పోవద్దు." నవ్వొచ్చే మాటే. అమెరికా ఎడారిలో ఆయన సంతకం ఎవడిక్కావాలి? కానీ ఆ గొంతు కొడుక్కి తెలుసు. ఫస్ట్ షిఫ్ట్‌కు తెల్లారుజామున నాలుగింటికి లేచి పోయి, సాయంత్రం నల్లటి మొహంతో వచ్చినవాడి గొంతు అది. కొడుకు కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. కోడలి లెక్కలో అప్పుడు పదకొండు నలభై.

తిరుగు దారిలో, ఎనిమిదడుగుల దిగుడు ఎక్కాక, ఒక కుర్ర జంట ఎదురొచ్చింది. ఇద్దరి వీపుల మీదా పెద్ద సంచులు. పెద్దాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి, తల అడ్డంగా ఊపి, "వద్దు, వద్దు, వాటర్" అన్నాడు. కొడుక్కి సిగ్గేసింది. మా నాన్న గనుల్లో పనిచేశాడు, వరద వస్తుందేమోనని ఆయన భయం అని ఇంగ్లీషులో సర్దిచెప్పాడు. వాళ్లు నవ్వి, థాంక్యూ చెప్పి, పక్కనుంచి జరిగి లోపలికి పోయారు. పెద్దాయన అక్కడే కాసేపు నిలబడి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు.

లోయ మొదట్లో అత్తాకోడళ్లు లేచి నిలబడి ఉన్నారు. "ఏమైంది, గింత జల్ది వచ్చిన్రు?" అని అడుగుతూనే అమ్మ పడమటి దిక్కు చూపించింది. "గా మొగులు సూడున్రి."

లోపల ఉన్నవాళ్లకు కనబడనిది, బయట కూచున్నవాళ్లకు గంట నుంచీ కనబడుతోంది. దూరంగా పీఠభూమి మీద నల్లటి మొగులు దిగి ఉంది. కింది అంచు నుంచి నేలకు బూడిదరంగు తెర వేలాడుతోంది. వాళ్ల మీద మాత్రం నిప్పులాంటి ఎండ. ఇది ఆ ప్రాంతం తీరు. జూన్ నడిమి నుంచి సెప్టెంబర్ దాకా అక్కడా ఒక వానాకాలం ఉంది. పొద్దంతా నేల కాగి, మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి, ఒక్కచోట కుమ్మరించి పోతాయి. బండరాతి నేల నీళ్లు తాగదు. పడిందంతా జారి వాగులో పడుతుంది. వంద అడుగుల వెడల్పున అడుగు లోతు పారే వాగు, మూడడుగుల వెడల్పు సందులో దూరాల్సి వస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి. వేగం అంతే ఉంటే లోతు ముప్పై అడుగులు దాటాలి. ఆ దిమ్మెను ఎవరు పెట్టారన్నదానికి జవాబు ఆ లెక్కలో ఉంది.

కారు దగ్గరికి చేరి, పులిహోర డబ్బాలు తెరిచారు. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. కొడుకు కారుకు ఆనుకుని నిలబడ్డాడు. మనవరాలు తాతకు వీపు తిప్పి కూచుంది. ఒంటిగంట దాటాక ఆ కుర్ర జంట వాగులోంచి బయటికొచ్చింది. అమ్మాయి మోకాలు గీసుకుపోయి ఉంది. పెద్దాయన మాట వినే వెనక్కి వచ్చారా అని నేను కొడుకును అడిగాను. లేదన్నాడు. లోపల కొంతదూరం పోయాక నడుముల్లోతు బురదగుంట వచ్చిందట, సంచులతో దాటలేక వెనక్కి తిరిగారు. అయితే ఆ అమ్మాయి మాత్రం మీ నాన్న చేతులు చాపి నిలబడింది కళ్లముందే ఆడుతూ ఉంది అని చెప్పిందట. అమ్మ వాళ్లిద్దరి చేతుల్లో చెరి నాలుగు సకినాలు పెట్టింది.

మొదట విన్నదీ అమ్మే. చేతిలో డబ్బా అట్లాగే పట్టుకుని, "వాగొస్తున్నది" అంది.

కొడుకు అది లారీ చప్పుడనుకున్నాడు. మట్టిరోడ్డు మీద ఏదో బరువు బండి వస్తోందనుకున్నాడు. నెన్నెల వాగు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి ఆ చప్పుడు వేరే చెప్పక్కర్లేదు. ఎగువన కురిస్తే దిగువన ఎండలో వాగు వస్తుంది. బట్టలుతికేవాళ్లు బండల మీద బట్టలు వదిలేసి ఒడ్డెక్కుతారు. ఆమె చిన్నప్పుడు ఎన్నిసార్లు ఎక్కలేదు!

అందరూ గట్టు మీదికి పోయి చూశారు. పొద్దున నడిచిన ఇసుకలో ముందుగా ఒక నురగ నాలుక వచ్చింది. మనిషి నడకంత వేగం, అంతే. పుల్లలు, ఆకులు, కాయలు, ఎండిన పేడ, అన్నీ కలిసి కరకరమంటూ ముందుకు దొర్లుతున్నాయి. నీళ్లు కనబడలేదు, చెత్తే నడిచొస్తున్నట్టుంది. దాని వెనక ఎర్రటి నీళ్లు. మోకాలి లోతు. కొడుకు, ఇంతేనా అనుకున్నాడట. ఆ మాటే నాకు నిజాయితీగా చెప్పాడు. తర్వాత పది నిమిషాల్లో వాగు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిండింది. లోపల బండలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు కాళ్ల కింది నేలలోంచి వచ్చింది. ఒక చెట్టు, వేళ్లతో సహా, తిరుగుతూ తిరుగుతూ లోయ వైపు పోయింది. దిమ్మెకు జత దొరికింది.

పెద్దాయన అటు చూడటం లేదట. వాగులోంచి బయటికొచ్చిన జంట కారు పక్కన నిలబడి ఉంది. ఇంకెవరైనా లోపల ఉన్నారేమోనని ఆయన బండ్లు లెక్కపెడుతున్నాడు. షిఫ్టు దిగేటప్పుడు దీపాలు లెక్కపెట్టినట్టు. ఆగి ఉన్న మూడో కారు తాలూకు మనుషులు ది వేవ్ అనే రాళ్లగుట్టల మీదికి పోయినవాళ్లని, అది ఎత్తు జాగా అని, జంట చెప్పాక ఆయన కూచున్నాడు.

ఆ రాత్రి గుడారంలో కొడుకు ఒక సంగతి చెప్పాడు. పెళ్లికి ముందు స్నేహితులతో ఇదే పేజ్‌కు వచ్చి లోయర్ యాంటిలోప్ కాన్యన్ చూశాడు. అక్కడి నవాహో గైడ్ 1997 ఆగస్టు 12 గురించి చెప్పాడు. ఆ రోజు లోయ దగ్గర వాన పేరుకే పడింది. మైళ్ల దూరంలో ఎగువన కురిసిన వాన నీళ్లు గోడలా వచ్చి లోపలున్నవాళ్లను ఈడ్చుకుపోయాయి. 11 మంది పోయారు. పాంచో కింటానా అనే టూర్ గైడ్ ఒక్కడే బతికాడు. అప్పుడు లోయలో ఉన్నవి చెక్క నిచ్చెనలు, నీళ్లతో పాటే పోయాయి. ఇప్పుడు రాతికి బిగించిన ఇనుప మెట్లున్నాయి, హెచ్చరిక సైరన్ ఉంది, గైడ్ లేకుండా ఎవరినీ పోనివ్వరు. ఇదంతా విని, ఆ రోజు అతను ఫొటోలు దిగి వచ్చాడు. వైర్ పాస్‌లో గైడ్ లేడు, సైరన్ లేదు. ఒక బోర్డు ఉంది.

"తెలిసి కూడా తీసుకపోయిన బాపూ" అన్నాడు. తండ్రి ఏమన్నాడని అడిగితే, "ఏం అనలే, గురక పెట్టిండు" అని కోడలు నవ్వింది.

అనుమతి చీటీలు, బోర్డులు ఎంతవరకు కాపాడతాయో చెప్పడానికి ఇంకో రోజు చాలు. 2015 సెప్టెంబర్ 14న జయాన్ నేషనల్ పార్కులో కీహోల్ కాన్యన్‌లోకి పర్మిట్ తీసుకునే దిగిన ఏడుగురు వరదలో పోయారు. అదే సాయంత్రం అక్కడికి దగ్గర్లోని హిల్‌డేల్‌లో రెండు బండ్లు కొట్టుకుపోయి 13 మంది ఆడవాళ్లు, పిల్లలు పోయారు. వాళ్లు ఏ లోయలోకీ దిగలేదు, ఇంటికి పోయే దారిలో ఉన్నారు. వైర్ పాస్ కలిసే బక్‌స్కిన్‌లోనే 2023 మార్చిలో ఇద్దరు పాదచారులు వరదకు చనిపోయారు.

రాత్రి పన్నెండు దాటాక వాన వీళ్ల మీదే పడింది. గుడారం నిలబడింది. తాత కొట్టిన మేకులు కదా. తెల్లారి చూస్తే రోడ్డు లేదు. ఉంది, కానీ బంకమట్టి. కారు పది గజాలు పోయి పక్కకు జారింది. ఆ మట్టిరోడ్డు తడిస్తే నాలుగు చక్రాలకూ ఊపునిచ్చే బండ్లు కూడా ఆగిపోతాయని వాళ్లకు అప్పుడు తెలిసింది. ఆదివారమంతా అక్కడే. ఫోన్ లేదు. పులిహోర అయిపోయింది. స్టవ్ మీద అన్నం వండుకుని ఆవకాయతో తిన్నారు.

పెద్దాయన మాత్రం ఆ రోజు మనవరాలిని వెంటబెట్టుకుని చుట్టుపక్కల రాళ్లన్నీ తిరిగాడు. పొరలు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి కోసుకుంటూ ఉన్నాయి. బాయిలో పొరలు ఇట్లా ఉండవు, ఎందుకట్లా అని కొడుకును అడిగితే, ఇవి ఒకప్పటి ఇసుక దిబ్బలు బాపూ, గాలి పోసిన పొరలు అన్నాడు. నవాహో ఇసుకరాయి అంటారు దాన్ని. జురాసిక్ కాలం మొదటి భాగపు ఎడారి. ఇక్కడ నేనొక మాట చేర్చకుండా ఉండలేను. దాదాపు ఆ కాలపు మట్టే మన ప్రాణహిత పక్కన కోట పొరల్లో ఉంది. అక్కడ ఎడారిలో ఇసుక దిబ్బలు కదులుతున్న రోజుల్లో ఇక్కడ, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ఏటి ఒడ్డున పొడుగు మెడ రాక్షసబల్లులు మేస్తున్నాయి. వాటి ఎముకలే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ పేరుతో నిలబెట్టి ఉన్నాయి. బెల్లంపల్లి పిల్లలు ఎంతమంది చూశారో తెలియదు కానీ, ఈ మనవరాలు పోయిన ఎండాకాలం వచ్చి చూసి పోయింది.

సోమవారం మధ్యాహ్నానికి రోడ్డు ఆరింది. ముందు ఒక రేంజర్ ట్రక్కు పోయింది, దాని గాడిలో వీళ్ల కారు పోయింది. మంగళవారం ఆఫీసు. హార్స్‌షూ బెండ్ లేదు, గ్రాండ్ కాన్యన్ లేదు. నేరుగా ఇల్లు. అక్టోబర్‌లో తిరుగు టికెట్లు. ఈ లోపు ఇంకో సెలవు కలిసి రాలేదు.

కొడుకు, తండ్రి ఆ శనివారం గురించి మళ్లీ మాట్లాడుకోలేదట. కొడుకు మాత్రం ఇప్పుడు ఎక్కడికి పోయినా పోయే ఊరి వాతావరణంతో పాటు ఆ వాగు పుట్టేచోటి వాతావరణం కూడా చూస్తాడని కోడలు చెప్పింది. తండ్రికి చెప్పొద్దని కూడా అంది. నేను చెప్పలేదు, రాస్తున్నాను.

నేను లేచేటప్పుడు పెద్దామె టీ గ్లాసులు తీస్తూ అసలు విషయానికి వచ్చింది. "అందరు ఈయన బతికిచ్చిండు, ఈయన బతికిచ్చిండు అంటున్నరు. మంచిదే. కని నాకు గా గ్రాండ్ కాన్యన్ ఎవలు సూపిస్తరు? విమానంల కాళ్లు వాయంగ గంత దూరం పోయి, బురదల రెండు దినాలు కూసోని వస్తి. ఎదురింటామె అడిగితే ఏం జెప్పాలె?"

పెద్దాయన పేపర్ మడిచి పక్కన పెట్టాడు. "మీద మొగులు లేనప్పుడు పోదాంలే" అన్నాడు.

"వీసాకు మల్ల పైసలు నువ్వే కట్టు" అందామె.